దాణా గదిలో తేమను వెంట్రుకతో కొలుద్దాం

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాల సంఘాల కార్యదర్శులకు, సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తేమను గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకున్నారు. మన కడప జిల్లాలో తేమ ఎక్కడిది, ఉన్నదంతా ఎండే కదా అని ఒక అన్న అడిగాడు. ఆ మాట నిజమే. కానీ తేమ లేని ప్రాంతం మనదని ధైర్యంగా ఉండడం వల్లనే మనం నష్టపోతున్నాం. ఎప్పుడూ వాన పడే చోట రైతు దాణా బస్తాను జాగ్రత్తగానే పెట్టుకుంటాడు. పది నెలలు ఎండ కాచే చోట మిగిలిన రెండు నెలల సంగతి ఎవరికీ గుర్తుండదు. మనకు ఆ రెండు నెలలు వేరుశెనగ చేతికి వచ్చే కాలంలోనే పడతాయి.

నా ఇంటి సంగతే ముందు చెబుతాను. 2021 నవంబరులో కురిసిన వానలు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది ఆ నెల 19వ తేదీననే. మా ఇంట్లో ఆ వానకు కురిసిన చోటు లేదు, కారిన చోటు లేదు. దాణా గదిలో పది బస్తాల చెనిగ చెక్క కడప బండల మీద పేర్చి ఉంది. పై బస్తాలు గలగలలాడుతూ ఉన్నాయి. పదిహేను రోజుల తర్వాత అడుగు బస్తా విప్పితే లోపల పచ్చటి బూజు. మా ఇంటామె పారవేయమన్నది. డబ్బు పెట్టి కొన్నది కదా అని నేను బూజు గీకి, ఎండబెట్టి, ఎనుములకు పెట్టాను. నాలుగు రోజులలో ఒక ఎనుము మేత తగ్గించింది. పాలు సగానికి పడినాయి. పశువుల డాక్టరుగారు వచ్చి నాడి చూడకముందే "దాణా బస్తా చూపించండి" అన్నారు.

ఎనుము కోలుకుంది. అయితే ఆ నాలుగు రోజుల పాలు నేను ఎక్కడ పోశానో ఆలోచించండి. మన సంఘంలోనే పోశాను. మీ అందరి పాలతో కలిపే క్యాను నింపాను. ఈ రోజు ఇక్కడ నిలబడడానికి కారణం అదే.

చెక్కకూ పాలకూ ఉన్న సంబంధం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతికి చూస్తే వాటి దాణాలో కలిపిన వేరుశెనగ చెక్క దగ్గర తేలింది. ఆ చెక్కలో పెరిగిన బూజు ఒక విషాన్ని తయారు చేస్తున్నది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశెనగ, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న ఈ బూజుకు చాలా ఇష్టమైనవి. మనం పాడి పశువుకు పెట్టేవి కూడా ఇవేనని వేరుగా చెప్పనక్కరలేదు.

పశువు ఈ విషం తిన్నప్పుడు అందులో కొంత భాగం రూపం మార్చుకుని ఒక రోజు లోపలనే పాలలోకి దిగుతుంది. తిన్నదానిలో సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులు దిగుతుందని, ఎక్కువ పాలిచ్చే పశువులలో ఆరు వంతుల దాకా ఉండవచ్చునని పరిశోధకులు లెక్క కట్టారు. చెడిన దాణా మానివేస్తే కొద్ది రోజులలో పాలు మళ్లీ శుభ్రపడతాయి. కానీ ఒకసారి పాలలోకి వచ్చిన విషం కాచినా పోదు, పాశ్చరైజు చేసినా పోదు. ఇది కాలేయాన్ని దెబ్బ తీసే విషం, క్యాన్సరు కారకం. మన పాలు ముందుగా తాగేది చంటిబిడ్డలే.

మన దేశంలో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ కిలో పాలలో ఈ విషం అర మైక్రోగ్రాముకు మించరాదని హద్దు పెట్టింది. అదే సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీయించి, 2019లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో 368 నమూనాలు, అనగా నూటికి 5.7 వంతులు, ఈ హద్దును దాటాయి. పాలలో నీళ్లు కలిపేవాడిని మనం పట్టుకోగలం. బూజు చెక్క పెట్టినవాడు తాను తప్పు చేస్తున్నట్టు తనకే తెలియదు. లాక్టోమీటరుకు ఇది అందదు, కొవ్వు పరీక్షకూ అందదు.

కాబట్టి బూజు పుట్టకముందే ఆపాలి. బూజు పుట్టాలంటే గాలిలో తేమ ఉండాలి. ఆ తేమ కంటికి కనపడదు. కనపడేటట్టు చేసే ఉపాయమే నేటి ప్రసంగ విషయం.

గాలిలో తేమ లెక్క

గాలి వేడిగా ఉంటే ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. చల్లబడితే మోయలేదు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి పట్టుకోలేదు. పట్టగలిగిన దానిలో ఇప్పుడు ఎంత ఉన్నదో నూటికి చెప్పే లెక్కనే సాపేక్ష ఆర్ద్రత అంటారు. మనం తేమ శాతం అనుకుందాం.

గదిలో పగలు 30 డిగ్రీల దగ్గర 17 గ్రాముల ఆవిరి ఉంటే తేమ శాతం 57. భయం లేదు. అదే గది తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగితే అదే ఆవిరికి తేమ శాతం నూరు. గదిలోకి ఒక్క చుక్క నీరు రాలేదు, అయినా బస్తా చెమ్మగిల్లింది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండలు మన ఇళ్లన్నింటికీ పరచి ఉన్నాయి. ఎండాకాలం పడుకోవడానికి వాటంత హాయి లేదు. వానాకాలం ఆ చల్లటి బండకు తగిలిన గాలి చెమట పోస్తుంది. ఆ చెమటను అడుగు బస్తా పీలుస్తుంది. మా ఇంట్లో జరిగినది అదే.

తేమ శాతం 70కి లోపల ఉన్నంతకాలం నిల్వ దాణాలో బూజులు పెరగలేవు. ఆ పైన కొన్ని రకాలు మొదలవుతాయి. 80 దాటి 85 దగ్గరకు వచ్చి అక్కడే నిలిస్తే అఫ్లాటాక్సిన్ బూజుకు పండగ. కాబట్టి 75 దగ్గర ఒక హెచ్చరిక గీత గీసుకుంటే మనకు చాలు.

మన ఇళ్లలోని తేమ గుర్తులు

ఈ గీతను చూపించడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. జీవులనుంచి వచ్చిన పదార్థాలు దాదాపు అన్నీ గాలిలోని నీటిని పీలుస్తాయి, వదులుతాయి. వీటిని సేంద్రియ పదార్థాలు అంటాము. ఎరువు దిబ్బ ఒక్కటే కాదు, తోలు, నార, పత్తి, కట్టె, వెంట్రుక అన్నీ సేంద్రియాలే.

బొరుగులు డబ్బా మూత తీసి పెడితే మెత్తబడతాయి. వానాకాలం వాకిలి తలుపు బిగుసుకుంటుంది. డప్పు కొట్టేవారు ముందు మంట వేసి డప్పును కాచుకుంటారు. తోలు తేమ పీల్చి సడలుతుంది కనుక ఆ తేమను వెళ్లగొట్టి బిగించుకుంటున్నారు. నులక మంచం మాత్రం ఇందుకు విరుద్ధంగా వానాకాలం బిగుస్తుంది. నార పోగులు నీరు పీల్చి లావు అవుతాయి, పురి పెట్టిన తాడు లావయితే పొడవు తగ్గుతుంది. మన పెద్దలకు ఇవన్నీ తెలుసు. కొలత వేసుకోలేదు, అంతే.

కొలత వేసినవారు వేరే దేశాలలో ఉన్నారు. యూరపులో 15వ శతాబ్దంలోనే త్రాసులో ఒకవైపు ఉన్ని, ఒకవైపు రాళ్లు పెట్టి, ఉన్ని బరువెక్కితే గాలి తేమెక్కినట్టని చెప్పారు. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు అడవి ఓట్ల గింజకు ఉండే ముల్లుతో తేమ చూపే పరికరం వర్ణించాడు. మన బీళ్లలో తిరిగితే పంచెకు గుచ్చుకునే ముల్లుగడ్డి గింజ చూడండి, దాని తోక పురి తిరిగి ఉంటుంది. తడి తగిలితే ఆ పురి విడుతుంది, ఆరితే మళ్లీ చుట్టుకుంటుంది. అదే సూత్రం.

బంగారానికి పేరుపడిన ప్రొద్దుటూరులో ఇంకొక సంగతి చెప్పాలి. బంగారాన్ని సన్నటి రేకుగా కొట్టేటప్పుడు రేకుల మధ్య పెట్టడానికి పశువు పేగు పైపొరను వాడే పద్ధతి యూరపులో ఉండేది. ఆ పొర తేమకు సాగుతుందని గమనించి, ఆకాశంలోకి బెలూనులతో పంపే వాతావరణ పరికరాలలో కూడా దానిని చాలాకాలం వాడారు.

అన్నిటికన్నా నిలిచినది వెంట్రుక. జెనీవా నగరంలోని సొసూర్ అనే శాస్త్రజ్ఞుడు 1783లో తన గ్రంథంలో మనిషి వెంట్రుకతో తేమ కొలిచే పద్ధతిని వివరంగా ప్రకటించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా వాతావరణ కేంద్రాలలో వెంట్రుక పరికరాలు పనిచేశాయి. బొత్తిగా పొడి గాలి నుంచి నూరు శాతం తేమకు వచ్చేసరికి వెంట్రుక తన పొడవులో నూటికి రెండు, రెండున్నర వంతులు సాగుతుంది. వెంట్రుకలోని మాంసకృత్తుల పోగులను పట్టి ఉంచే సన్నని బంధాల మధ్యకు నీటి అణువులు చేరి వాటిని సడలించడమే దీనికి కారణం.

నేడు అంగడిలో దొరికే అంకెల తేమ మీటర్లలో కూడా చాలావాటిలో పనిచేసేది సేంద్రియ పదార్థమే. ఫిన్లాండులోని వైసాలా సంస్థ 1973లో ఒక పలుచటి పాలిమరు పొరతో ఇటువంటి పరికరాన్ని తెచ్చింది. పొర నీటిని పీల్చినకొద్దీ అది పట్టి ఉంచే విద్యుత్తు పెరుగుతుంది, దానిని అంకెగా చూపుతారు. కొనగలిగిన సంఘం అది కొనుక్కోవచ్చు. అయితే అదైనా సరిచూసుకోవలసిందే. ఎట్లా సరిచూడాలో తర్వాత చెబుతాను.

తయారు చేసే పద్ధతి

తిరుమల కొండకు తలనీలాలు ఇచ్చే మనకు వెంట్రుకలకు కొదవ లేదు. రంగు వేయని పొడుగాటి వెంట్రుక, 30 సెంటీమీటర్లు ఉండేది తీసుకోవాలి. నూనె ఉంటే తేమ లోపలికి పోదు. అందుచేత గోరువెచ్చటి నీటిలో కొంచెం చాకలి సోడా వేసి, దానిలో కడిగి, మంచినీటితో రెండుసార్లు జాడించి, నీడలో ఆరబెట్టాలి.

అర మీటరు పొడవు పలక ఒకటి తీసుకోండి. పైన మేకు కొట్టి వెంట్రుక ఒక కొసను దానికి కట్టి, జిగురు చుక్క వేయండి. టెంకాయ పొరకపుల్ల సన్నటిది, తిన్ననిది, 20 సెంటీమీటర్లది ముల్లుగా పనికి వస్తుంది. పుల్ల మొదట్లో చిన్న అట్టముక్క అంటించి, ఆ అట్టలోనుంచి గుండుసూదిని పలకకు గుచ్చండి. పుల్ల సూది మీద సులభంగా ఆడాలి. వెంట్రుక రెండవ కొసను సూదికి 2 సెంటీమీటర్ల దూరంలో పుల్లకు కట్టండి. పుల్ల బరువే వెంట్రుకను బిగుతుగా పట్టుకుంటుంది. వేరే బరువు కట్టవద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వెంట్రుక మొత్తం మీద సాగేది ఆరేడు మిల్లీమీటర్లే. సూదికి 2 సెంటీమీటర్ల దగ్గర కట్టాము, ముల్లు కొస 20 సెంటీమీటర్ల దగ్గర ఉన్నది. కాబట్టి కదలిక పది రెట్లయి ఆరేడు సెంటీమీటర్లుగా కనపడుతుంది. తేమ పెరిగితే ముల్లు దిగుతుంది, తగ్గితే లేస్తుంది. ముల్లు కొస వెనుక తెల్ల కాగితం అంటించండి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెంట్రుక పొడి గాలిలో ఎక్కువగా, తడి గాలిలో తక్కువగా కదులుతుంది. 75 నుంచి 100 దాకా ముల్లు కదిలేది ముప్పాతిక సెంటీమీటరు మాత్రమే. కాబట్టి గీతలు సమాన దూరంలో గీసుకుంటే తప్పుతుంది. మనకు కావలసిన రెండు గీతలను పరీక్ష చేసి గీసుకోవాలి.

ఉప్పుతో గీత గీయడం

నూరు గీత సులభం. పరికరాన్ని తడిబట్ట కప్పిన డబ్బాలో ముల్లుకు బట్ట తగలకుండా గంటసేపు ఉంచండి. ముల్లు దిగి నిలిచిన చోట గీత గీసి 100 అని వేయండి.

75 గీతకు ఉప్పు చాలు. శుభ్రమైన ఉప్పుకు ఒక గుణం ఉన్నది. మూసిన డబ్బాలో ఉప్పును నీటితో ముద్దగా కలిపి పెడితే ఆ డబ్బాలోని గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఎక్కువయితే ఉప్పు పీల్చుకుంటుంది, తక్కువయితే ముద్ద వదులుతుంది. మూత గట్టిగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పలకను నిలబెట్టి, పక్కన సాసరులో ఉప్పు ముద్ద పెట్టి, రాత్రంతా కదలకుండా ఉంచండి. ముద్దలో కరగని ఉప్పు కనపడుతూ ఉండాలి. తెల్లవారి ముల్లు ఉన్నచోట ఎర్ర సిరాతో గీత గీయండి. అంగడి మీటరునైనా ఇదే విధంగా పరీక్షించవచ్చు. 75కి దూరంగా చూపితే ఎంత తేడా ఉన్నదో చీటీ మీద రాసి దానికి అంటించండి.

వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లడం కూడా ఇదే సంగతి. ప్యాకెట్టు ఉప్పు నీరు కారుతున్నదంటే ఆ గదిలో తేమ 75 దాటిందన్న మాట. గల్లుప్పులో వేరే లవణాలు కలిసి ఉండి అంతకుముందే చెమ్మగిల్లుతుంది కనుక, దానిని గుర్తుగా పెట్టుకోవద్దు.

జొన్నలు, మొక్కజొన్నలు నిల్వ చేసేముందు ఇంకొక చిన్న పరీక్ష ఉన్నది. ఆరిన గాజు సీసాలో గింజలు మూడవ వంతు పోసి, బాగా ఆరిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత పెట్టి కొద్ది నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజ ఇంకా పచ్చిగా ఉన్నట్టు. అంటకపోతే బస్తాకు ఎత్తవచ్చు.

ముల్లు ఎర్రగీత దాటితే

పరికరాన్ని దాణా గదిలో ఎండ, గాలి నేరుగా తగలని చోట, బస్తాల అడుగు వరుస ఎత్తులో తగిలించండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఎర్రగీతకు దిగువన రెండు పూటలా ఉంటే వెంటనే పనిలోకి దిగాలి.

మొదటిది, బస్తాలు బండ మీద ఉండరాదు. జానెడు ఎత్తున కట్టెలు గాని పలకలు గాని వేసి, గోడకు మూరెడు దూరంగా పేర్చాలి. రెండవది, కిటికీ ఎప్పుడూ తెరిచి ఉంచడం మంచిదనుకోవద్దు. వాన పడే రాత్రి తెరిస్తే తేమను ఇంటికి పిలిచినట్టే. ఎండ కాసిన మధ్యాహ్నం తెరిచి, పొద్దు గుంకకముందే మూయాలి. మూడవది, వానాకాలంలో పది బస్తాలు ఒకేసారి కొనవద్దు. ప్రొద్దుటూరు నూనె మిల్లుల చెక్క మనకు దూరం కాదు, సంఘం ద్వారా పది పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకోవచ్చు. నాలుగవది, ముందు తెచ్చినది ముందు వాడాలి. పులివెందుల వైపు రైతులు సొంత చెనిక్కాయలు పట్టించుకుంటారు కనుక కాయను గలగలలాడేటట్టు ఎండబెట్టిన తర్వాతే మూటకట్టాలి. తడి కాయను కుప్పవేస్తే చెక్క కాకముందే విషం పుడుతుంది.

ఈ పరికరం చేయలేని పనులు

వెంట్రుక విషాన్ని కొలవదు. విషం పుట్టే వీలు ఉన్నదని మాత్రమే హెచ్చరిస్తుంది. వాన తగిలిన చేనులో, మిల్లులో, వ్యాపారి గిడ్డంగిలో ముందే చెడిన చెక్కకు మన గది ఎంత పొడిగా ఉన్నా లాభం లేదు. అనుమానం వస్తే నమూనాను ప్రయోగశాలకు పంపించడం తప్ప వేరే దారి లేదు. బూజు గీకినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా విషం పోదు. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. కంటికి బూజు లేనంత మాత్రాన విషం లేదనీ చెప్పలేము.

వెంట్రుక కూడా అలసిపోతుంది. మన ఎండాకాలపు పొడి గాలికి నెలల తరబడి ఉంటే లెక్క తప్పుతుంది. తొలకరికి ముందు ఒకసారి, దసరాకు ఒకసారి రాత్రంతా తడిబట్ట డబ్బాలో ఉంచి, మరునాడు ఉప్పు పరీక్ష చేసి గీతలు సరిచూసుకోవాలి. ఏడాదికొకసారి వెంట్రుక మార్చండి.

సంఘాలకు నా మనవి

ప్రతి సంఘం పాలు పోసే చోట ఒక పరికరం తయారు చేసి గోడకు తగిలించాలి. కార్యదర్శి రోజూ ఉదయం దానిని చూసి, ఎర్రగీత దాటిన రోజున పలక మీద "నేడు తేమ ఎక్కువ, బస్తాలు చూసుకోండి" అని రాయాలి. పాలు పోయడానికి వచ్చేవారిలో ఎక్కువమంది అక్కలు, అమ్మలే. దాణా కలిపేది వారే, బూజు వాసన ముందు తెలిసేది వారికే. మా ఇంట్లో ముందు చెప్పినది కూడా ఆమెనే, వినని వాడిని నేను. ఆ మాట చెప్పడానికి ఇంటి పరువు అడ్డం రాకూడదు. ఒక సభ్యుడు తన చెక్క చెడిందని చెప్పుకుంటే, ఆ రోజులు అతని పాలు విడిగా పెట్టి, అతన్ని నలుగురిలో తక్కువ చేయకుండా చూడవలసిన బాధ్యత సంఘానిది. శిక్ష పడుతుందని భయపడితే ఎవరూ చెప్పరు, పాలు మాత్రం క్యానులోకి వస్తాయి.

మన క్యానులో అందరి పాలూ కలుస్తాయి. సహకారం అంటే లాభం పంచుకోవడం ఎంతో, ఒకరి అజాగ్రత్తను అందరూ మోయవలసి రావడం కూడా అంతే. ఒక వెంట్రుక, ఒక పొరకపుల్ల, చారెడు ఉప్పుతో ఆ బరువు తగ్గించుకోవచ్చు. ఈ తరగతి ముగిసిన తర్వాత వెనుక గదిలో పలకలు, పుల్లలు, జిగురు సిద్ధంగా ఉన్నాయి. సంఘానికి ఒకరు చొప్పున కూర్చుని, పరికరం చేతపట్టుకునే ఇంటికి పోవలెనని కోరుతున్నాను.